ఒకే మత్తులో రెండు నిర్ణయాలు

ఇక పిల్లలు వద్దనుకున్న స్త్రీకి నెలసరి రక్తస్రావం కూడా భరించలేనంతగా ఉన్నప్పుడు, గైనకాలజిస్టు గదిలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "ఎలాగూ మత్తు ఇస్తాం కదమ్మా, రెండూ ఒకేసారి చేసేద్దాం." ఈ మాటలో తప్పేమీ లేదు. మత్తు ఒక్కసారే, ఆసుపత్రిలో చేరడం ఒక్కసారే, కోలుకునే విశ్రాంతి కూడా ఒక్కసారే. నెలలో వారం రోజులు రక్తం పోగొట్టుకుంటూ, మిగతా మూడు వారాలు దాన్నుంచి తేరుకుంటూ బతికే మనిషికి "ఒక్కసారే" అన్న మాట ఎంత ఊరటనిస్తుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాట నాకూ ఎదురైంది. అప్పుడు నాకు 38 ఏళ్లు. నాకు సూచించినవి రెండు: అండవాహికలకు (ట్యూబులకు) క్లిప్పులు వేయడం, గర్భసంచి లోపలి పొరను వేడితో మాడ్చివేసే అబ్లేషన్ చేయడం. చివరికి నేను రెండు చికిత్సలూ ఒకే మత్తులో చేయించుకున్న మాట నిజమే గాని, అవి ఆ రెండూ కావు.

నా వాదన ఇది. శాశ్వత గర్భనిరోధాన్నీ అధిక రక్తస్రావానికి చికిత్సనూ జతచేయడంలో అభ్యంతరం ఏమీ లేదు. కానీ వాటిలో ఒకటి విఫలమైనప్పుడు ఆ వైఫల్యం రెండోదాని మీద పడని జతను మాత్రమే ఎంచుకోవాలి. ఒకే రోజు చేయగలమా అన్న ప్రశ్నకు సర్జన్ల దగ్గర ఎప్పుడూ సమాధానం ఉంటుంది. ఆ రెండూ ఒకే శరీరంలో పాతికేళ్లు పక్కపక్కన ఎలా ఉంటాయన్న ప్రశ్న మాత్రం మనం అడిగితే తప్ప చర్చకు రాదు.

అన్నిటికంటే ముందు, రక్తస్రావం ఎందుకు అవుతోందో తేలాలి. ఒక నెలసరిలో మామూలుగా పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధికమని పరిశోధనల్లో లెక్క. ఇంట్లో ఎవరూ కొలవరు కాబట్టి, స్త్రీ దైనందిన జీవితానికి అడ్డు వచ్చేంతగా ఉంటే అది అధిక రక్తస్రావమేనని బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు నిర్వచించాయి, అది సబబైన పని. కారణాలను అంతర్జాతీయ గైనకాలజీ సమాఖ్య ఫిగో 2011లో ఒక వర్గీకరణగా క్రమబద్ధం చేసింది: లోపలి పొర మీద మొలిచే పాలిప్‌లు, పొర కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్, ఫైబ్రాయిడ్ గడ్డలు, క్యాన్సర్ లేదా దాని ముందు దశ ఒక వైపు, రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం సక్రమంగా విడుదల కాకపోవడం, లోపలి పొరలోని దోషం, మందుల ప్రభావం మరోవైపు. అధిక రక్తస్రావంతో వచ్చే స్త్రీలలో సుమారు 13 శాతం మందికి వాన్ విలబ్రాండ్ వ్యాధి అనే వంశపారంపర్య రక్తదోషం ఉంటుందని అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. ఇది తేల్చకుండా ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించడం రెండు విధాల ప్రమాదకరం, ఎందుకంటే నెలసరిలో ఆగని రక్తం కోత దగ్గర మాత్రం ఎందుకు ఆగాలి? అడినోమయోసిస్ ఉన్నవారికి అబ్లేషన్ అంతంత మాత్రంగానే పనిచేస్తుంది, ఎందుకంటే జబ్బు ఉన్నది పొర లోపల, కండరంలో. వేడి పనిచేసేది ఉపరితలం మీద. కాబట్టి స్కానింగు, రక్తపరీక్షలు, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, అవసరమైతే లోపలి పొర నుంచి ముక్క తీసి చేసే బయాప్సీ అయ్యేదాకా "ఏ ఆపరేషన్" అన్న ప్రశ్నే పుట్టకూడదు.

ఇప్పుడు నాకు సూచించిన జత సంగతి. గర్భాశయపు లోపలి పొరను నాశనం చేయడం కొత్తేమీ కాదు. 1981లోనే లేజర్‌తో చేసిన ప్రయోగాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. తర్వాత వేడి నీటి బెలూన్, 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన రేడియో తరంగాల పరికరం వంటివి ఈ పనిని నిమిషాల్లోకి తెచ్చాయి. ఆ రేడియో తరంగాల పరికరం పొరను మాడ్చడానికి తీసుకునే సమయం సగటున 90 సెకన్లు. కోత లేదు, కుట్లు లేవు. నెలసరి బాగా తగ్గుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. అయితే పొర దెబ్బతిన్నంత మాత్రాన గర్భం రాదని కాదు. అబ్లేషన్ తర్వాత సుమారు 0.7 శాతం మందికి గర్భం వచ్చినట్టు నమోదైంది, అలా వచ్చిన గర్భాలలో గర్భస్రావం, ట్యూబులో పిండం పెరగడం, మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోవడం వంటి ప్రమాదాలు చాలా ఎక్కువ. అందుకే అబ్లేషన్ చేయించుకున్న స్త్రీకి ముట్లుడిగేదాకా నమ్మకమైన గర్భనిరోధం ఉండి తీరాలి. "రెండూ ఒకేసారి" అనే సలహా పుట్టింది ఇక్కడే, అంతవరకు అది న్యాయమైన తర్కమే.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. వేడి గర్భసంచి లోపల అన్ని మూలలకూ ఒకేలా చేరదు. ట్యూబులు కలిసే పైమూలల్లో కొంత పొర బతికి ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని నెలలకో కొన్నేళ్లకో ఆ మిగిలిన పొర ప్రతి నెలా మామూలుగానే రక్తం విడుస్తుంది. కిందికి రావడానికి దారి ఉండదు, ఎందుకంటే అబ్లేషన్ వల్ల గర్భసంచి గోడలు మచ్చకట్టి అతుక్కుపోయి ఉంటాయి. పైకి పోవడానికీ దారి ఉండదు, ఎందుకంటే ట్యూబులను కట్టేశారు. రెండు చివర్లా పూడుకుపోయిన కాలువలో నీరు నిలిచినట్టు ఆ రక్తం అక్కడే నిలిచి, గర్భసంచి మూలనూ ట్యూబు మొదలునూ ఉబ్బించి, నెలనెలా ఒక పక్కనో రెండు పక్కలానో పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పిని తెస్తుంది. దీన్ని 1993లో మొదటిసారి వర్ణించారు. అబ్లేషన్, ట్యూబల్ స్టెరిలైజేషన్ (ట్యూబులు మూసే ఆపరేషన్) రెండూ కలిసినప్పుడు మాత్రమే వచ్చే సిండ్రోమ్‌గా దానికి పేరు పెట్టారు. రెండూ చేయించుకున్నవారిలో 10 శాతం వరకూ ఇది రావచ్చని అంచనాలు ఉన్నాయి. అంటే విడివిడిగా చూస్తే ఏ లోపమూ లేని రెండు చికిత్సలు కలిసినప్పుడు మూడో జబ్బు పుడుతోంది.

ఈ జబ్బులో మరింత బాధాకరమైనది, దీన్ని గుర్తుపట్టడం కష్టం కావడం. నెలసరి కనిపించదు కాబట్టి నొప్పి నెలసరిదని ఎవరికీ తోచదు. నొప్పి లేని రోజున స్కానింగు చేస్తే ఏమీ కనబడకపోవచ్చు. నొప్పి ఉన్న రోజుల్లో చేసిన అల్ట్రాసౌండో ఎం.ఆర్.ఐ.యో మాత్రమే మూలల్లో నిలిచిన రక్తాన్ని చూపించే అవకాశం ఉంది. పేగుల నొప్పి అనో గ్యాస్ అనో మానసిక ఆందోళన అనో మందులు మింగుతూ ఏళ్లు గడిపే స్త్రీల బాధ దీని వెనుక ఉంటుంది. చివరికి చికిత్స ట్యూబులను తీసివేయడం, చాలామందికి గర్భసంచినే తీసివేయడం. పెద్దాపరేషన్ తప్పించుకుందామని ఎంచుకున్న దారి పెద్దాపరేషన్ దగ్గరికే తీసుకెళ్లిందన్నమాట. ఎప్పుడో ఇరవైల్లో ట్యూబెక్టమీ చేయించుకుని, ఇప్పుడు నలభైల్లో అబ్లేషన్ గురించి ఆలోచిస్తున్నవారికి కూడా ఇదంతా వర్తిస్తుంది. రెండిటికీ మధ్య ఇరవై ఏళ్లు గడిచినా ముడి ముడే.

నా విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వయసు. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే సంస్థలో 1999 నుంచి 2004 వరకు అబ్లేషన్ చేయించుకున్న 3,681 మంది స్త్రీల వివరాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, 21 శాతం మంది తర్వాత గర్భసంచి తీయించుకున్నారు. 40 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్నవారిలో ఆ అవకాశం 40 శాతం దాటింది. ముట్లుడగడానికి ఇంకా పది పన్నెండేళ్లు ఉన్న గర్భసంచిలో మిగిలిన పొర మళ్లీ పెరగడానికి కావలసినంత సమయం ఉంటుంది కదా. దీన్ని గర్భనిరోధంతో కలిపి చూస్తే ఒక వింత కనబడుతుంది. అబ్లేషన్ అందరికంటే బాగా పనిచేసేది 47, 48 ఏళ్ల స్త్రీకి, కానీ ఆమెకు శాశ్వత గర్భనిరోధం అవసరమయ్యేది మరికొద్ది ఏళ్లే. శాశ్వత గర్భనిరోధం వల్ల ఎక్కువ ఏళ్లు ప్రయోజనం పొందేది ముప్పైల్లో ఉన్న స్త్రీ, కానీ ఆమెకు అబ్లేషన్ విఫలమయ్యే ప్రమాదం ఎక్కువ. ఈ రెండు చికిత్సలూ ఒకే వయసులో ఒకే మనిషికి సమానంగా నప్పడం, మనం అనుకునేదానికంటే అరుదు.

మరో జత కథ కూడా చెప్పుకోదగ్గది. 2002లో అమెరికాలో ఎష్యూర్ అనే పరికరం అనుమతి పొందింది. కడుపు మీద కోత లేకుండా, యోని మార్గంలోనే వెళ్లి ట్యూబుల్లో చిన్న లోహపు స్ప్రింగులు పెడితే, వాటి చుట్టూ కణజాలం పెరిగి ట్యూబులు మూసుకుపోతాయి. అబ్లేషన్ కూడా అదే దారిలో చేసేదే కాబట్టి, రెండూ ఒకే విడతలో ముగించాలన్న ఉత్సాహం కలగడం సహజం. కానీ ట్యూబులు నిజంగా మూసుకున్నాయో లేదో మూడు నెలల తర్వాత గర్భసంచిలోకి రంగుద్రవం ఎక్కించి, ఎక్స్‌రే తీసి నిర్ధారించుకోవాలి. అబ్లేషన్ వల్ల గోడలు అతుక్కుపోతే ఆ రంగుద్రవం మూలల దాకా వెళ్లదు. వెళ్లకపోతే ట్యూబు మూసుకుందో, ద్రవమే చేరలేదో ఎవరూ చెప్పలేరు. ఒక చికిత్స రెండోదాని పరీక్షనే చెరిపేస్తోంది. అందుకే రెండూ ఒకేసారి చేయవద్దని హెచ్చరిక ఉండేది. నొప్పి, రక్తస్రావం, స్ప్రింగులు కదిలిపోవడం వంటి ఎన్నో ఫిర్యాదుల తర్వాత 2018 చివరికి అమెరికాలో ఆ పరికరం అమ్మకాలు ఆగిపోయాయి. పరికరం పోయింది గాని, దాని కథలోని తర్కం నేటికీ పనికొస్తుంది.

ఇక్కడ ఒక సందేహాన్ని పక్కకు పెట్టాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వల్లనే రక్తస్రావం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు, నాతో చెప్పినవారూ ఉన్నారు. అమెరికాలో క్రెస్ట్ పేరుతో జరిగిన పెద్ద అధ్యయనం 2000లో దీనికి సమాధానం ఇచ్చింది. ట్యూబెక్టమీ చేయించుకున్న 9,514 మందిని, భర్తలు వేసెక్టమీ చేయించుకున్న 573 మందితో పోల్చి చూస్తే, రక్తస్రావం పెరగడంలో తేడా ఏమీ కనబడలేదు. మరి ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? ఒక కారణం స్పష్టమే. ఆపరేషన్‌కు ముందు గర్భనిరోధక మాత్రలు వాడేవారికి ఆ మాత్రలే నెలసరిని తేలికచేస్తూ ఉంటాయి. ఆపరేషన్ అయ్యాక మాత్రలు ఎలాగూ మానేస్తారు, అణగి ఉన్న అసలు రక్తస్రావం బయటపడుతుంది, నింద ఆపరేషన్ మీద పడుతుంది. శాశ్వత గర్భనిరోధం రక్తస్రావాన్ని పెంచదు, దానికి చికిత్సా కాదు. వాడుతున్న మందు మానేస్తే ఏమవుతుందో మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

నేను ఎంచుకున్నది ఏమిటంటే, ట్యూబులను కట్టడం బదులు రెండు వైపులా పూర్తిగా తీసివేయడం, అదే మత్తులో గర్భసంచిలో లెవోనార్జెస్ట్రెల్ హార్మోను లూప్ పెట్టించుకోవడం. ట్యూబులు తీయడానికి కారణాలు రెండు. క్రెస్ట్ అధ్యయనం ప్రకారం ట్యూబులు మూసిన ఆపరేషన్లు పదేళ్లలో వెయ్యికి 18.5 చొప్పున విఫలమయ్యాయి. స్ప్రింగు క్లిప్పులు వేసిన చోట అది 36.5 దాకా వెళ్లింది. మూసింది తెరుచుకోవచ్చు, పూర్తిగా తీసేసింది తెరుచుకునే ప్రసక్తి లేదు. రెండోది, అండాశయ క్యాన్సర్లలో అతి తీవ్రమైన రకం చాలావరకు ట్యూబు చివరి కుచ్చుల్లోనే మొదలవుతుందన్న అవగాహన. ఆ కారణంగానే కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2010లో, కట్టడం బదులు తీయడాన్ని ప్రోత్సహించే కార్యక్రమం మొదలైంది. 2015లో అమెరికా ప్రసూతి, గైనకాలజీ నిపుణుల కళాశాల కూడా ఈ అవకాశం గురించి స్త్రీలతో చర్చించాలని సూచించింది. ట్యూబులు తీశాక మళ్లీ పిల్లలు కావాలంటే ఐ.వి.ఎఫ్. ఒక్కటే దారి, ఇది గట్టిగా చెప్పవలసిన మాట. ముప్పై ఏళ్లు, అంతకంటే తక్కువ వయసులో స్టెరిలైజేషన్ చేయించుకున్నవారిలో 20.3 శాతం మంది ఆ తర్వాత 14 ఏళ్లలో ఎప్పుడో ఒకప్పుడు పశ్చాత్తాపం వ్యక్తం చేశారని అదే క్రెస్ట్ చెబుతోంది. ముప్పై దాటినవారిలో అది 5.9 శాతం. అంతులేని రక్తస్రావంతో నీరసించి ఉన్న సమయంలో పిల్లల గురించి శాశ్వత నిర్ణయం తీసుకోవడం, అదీ రక్తస్రావం ఆపే ఆపరేషన్‌కు తోకగా తీసుకోవడం, చిన్న వయసువారికి మంచిది కాదు.

లూప్ సంగతికి వస్తే, "ట్యూబులు తీసేశాక లూప్ ఎందుకు, అదే గర్భనిరోధకం కదా" అని నన్ను అడిగినవారిలో ఒక డాక్టరు కూడా ఉన్నారు. ప్రశ్న సరైనదే. 52 మిల్లీగ్రాముల హార్మోను ఉన్న ఈ లూప్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది: మొదటి ఏడాదిలో గర్భం వచ్చే అవకాశం వెయ్యికి ఇద్దరికి మాత్రమే, రక్తస్రావాన్ని చాలామందిలో 80 శాతానికి మించి తగ్గిస్తుంది. అమెరికాలో 2009 నుంచి అధిక రక్తస్రావానికి చికిత్సగానూ దీనికి అనుమతి ఉంది. లూప్‌తో సంతృప్తిగా ఉండగల స్త్రీకి ఏ ఆపరేషనూ అక్కరలేదని నేనూ ఒప్పుకుంటాను, ముందుగా దాన్నే ప్రయత్నించమంటాను. కానీ 571 మంది బ్రిటన్ స్త్రీలతో జరిగి 2013లో ప్రచురితమైన ప్రయోగంలో, రెండేళ్ల తర్వాత లూప్‌ను ఇంకా ఉంచుకున్నవారు 64 శాతమే. మందులు వాడిన వర్గంలో కొనసాగినవారు 38 శాతమే కాబట్టి లూప్ గెలిచిన మాట నిజం. అయినా మూడోవంతు మందికి పైగా దాన్ని వదిలేశారంటే, దానితో పాటు వారి గర్భనిరోధం కూడా పోయిందన్నమాట. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో చుక్కలు చుక్కలుగా, వేళాపాళా లేకుండా కనిపించే రక్తం చాలామందిని విసిగిస్తుంది, నన్నూ విసిగించింది. ఆ రోజుల్లో లూప్ తీయించుకోవాలా వద్దా అని ఆలోచించగలిగాను గాని, తీయిస్తే గర్భం మాటేమిటన్న భయం ఆ ఆలోచనలో లేదు. నేను కోరుకున్న స్వేచ్ఛ అంతే. రేపు లూప్ పనికిరాకపోతే తీసి మరొకటి ప్రయత్నిస్తాను. ట్యూబులు లేని సంగతి దానివల్ల మారదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, గడ్డల వల్ల గర్భసంచి లోపలి ఆకారం బాగా మారినవారికి ఈ దారి కుదరదు.

గర్భసంచి తీయించుకోవడాన్ని నేను ఆఖరి అస్త్రంగా చూడను, మొదటి అస్త్రంగానూ చూడను. రెండు సమస్యలనూ ఏకంగా, శాశ్వతంగా ముగించేది అదొక్కటే. బ్రిటన్‌లో 660 మందితో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, గర్భాశయ ముఖాన్ని ఉంచి మిగతాది లాపరోస్కోపీతో తీసినవారిలో 97 శాతం మంది, అబ్లేషన్ చేయించుకున్నవారిలో 87 శాతం మంది 15 నెలల తర్వాత సంతృప్తి చెప్పారు. అడినోమయోసిస్‌తో బాధపడే నలభై ఏళ్ల స్త్రీకి ఈ అంకెలు చూపించకుండా దాచడం ఆమెకు మేలు చేయడం కాదు. అయితే అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీసినా అండాశయాలు తొందరగా ఉడిగిపోయే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని 2011లో వచ్చిన అధ్యయనం తేల్చింది. మందులతో లొంగే రక్తస్రావానికి, "ఎలాగూ పిల్లలు వద్దు కదా, ఇంక దాంతో పనేముంది" అన్న వాదనతో గర్భసంచిని తీసేయమనేవారిని నేను నమ్మను. పిల్లలు కనడం ఒక్కటే దాని పని అనుకునేవారికి ఆ పక్కనున్న అండాశయాల రక్తప్రసరణ సంగతి గుర్తుండదు.

నా నియమానికి అన్నిటికంటే బాగా సరిపోయే జతలో ఒక ఆపరేషన్ అసలు స్త్రీ శరీరంలో జరగదు. భర్త వేసెక్టమీ చేయించుకుంటే, వీర్యపరీక్షలో శుక్రకణాలు లేవని తేలాక గర్భం వచ్చే అవకాశం సుమారు రెండు వేలకు ఒకటి. స్త్రీ ట్యూబులు తెరిచే ఉంటాయి కాబట్టి, ఆ తర్వాత ఆమె అబ్లేషన్ ఎంచుకున్నా ఇందాకటి సిండ్రోమ్‌కు తావు లేదు. ఇద్దరు సర్జన్లు, రెండు వేర్వేరు శరీరాలు, ఒకదాని వైఫల్యం మరొకదాన్ని తాకదు. నాకు తెలిసిన స్త్రీలలో చాలామందికి ఈ జతను ఎవరూ సూచించలేదు. రక్తస్రావం ఆమెదైనంత మాత్రాన గర్భనిరోధం కూడా ఆమె కడుపులోనే జరగాలని ఎందుకు అనుకుంటామో చెప్పడానికి నేను వైద్యశాస్త్రంలో కారణం వెతకను. ఈ దారిలో ఆమె రక్షణ ఆ ఒక్క భాగస్వామితోనే ముడిపడి ఉంటుందన్నది నిజమైన పరిమితి.

ఇవన్నీ తూచి చూసుకుని, అబ్లేషన్‌తో పాటు ట్యూబుల ఆపరేషన్ కూడా ఒకేసారి కావాలని నిర్ణయించుకునే స్త్రీ ఉండవచ్చు. నలభై అయిదు దాటి, అడినోమయోసిస్ లేక, బయాప్సీ శుభ్రంగా వచ్చి, ట్యూబులు కట్టడం బదులు తీయించుకుంటే ఆమె నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. ట్యూబు తీసినా గర్భసంచి గోడలో ఉండే చిన్న భాగం మిగులుతుంది కనుక నొప్పి వచ్చే అవకాశం సున్నా కాదు. ముట్లుడిగాక ఎప్పుడైనా రక్తం కనబడితే, అతుక్కుపోయిన గర్భసంచిలోంచి బయాప్సీ తీయడం కష్టమవుతుందన్నది కూడా ఆమెకు ముందే చెప్పాలి.

ఆమె సంతకం పెట్టే సమ్మతి పత్రంలో రెండు ఆపరేషన్లూ వేర్వేరుగా, వేర్వేరు కారణాలతో రాసి ఉండాలి. రేడియో తరంగాల పరికరం వేడి ఇచ్చే ముందు గర్భసంచి గోడకు ఎక్కడా చిల్లు లేదని వాయువుతో పరీక్షించుకుంటుంది. ఆ పరీక్ష నెగ్గకపోతే అబ్లేషన్ ఆ రోజుకు జరగదు. అప్పటికి ఆమె మత్తులో ఉంటుంది. రక్తస్రావానికి చికిత్స ఆగిపోయినా ట్యూబులు తీయాలా, లేక అక్కడితో ఆపి ఆమెను మేల్కొలిపి అడగాలా అన్నది ముందు రోజే ఆమె నోటితో చెప్పించి, ఆ పత్రంలో రాయించాలి.